వెళ్ళొస్తానన్న మాట

ఆ దేశంలో దిగిన మొదటి రోజు నన్ను అందరూ పొమ్మన్నారు.

విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూసినాయన నవ్వుతూ ఏదో అని చివర "పో" అన్నాడు. పెట్టె మోసినతను "పో" అన్నాడు. మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన వ్యాను డ్రైవరయితే తలుపు తీసి పట్టుకుని మరీ "పో" అన్నాడు. నాకు అసలే ముక్కు మీద కోపం. జగ్గయ్యపేట నుంచి ఫిలిప్పీన్స్ దాకా సేవ చేస్తానని పనిగట్టుకుని వస్తే, కాలు పెట్టీ పెట్టకముందే పొమ్మనడమేమిటి అనుకున్నాను. సాయంత్రానికి మేం పనిచేయబోయే ఊళ్ళో క్లినిక్ చేరాం. అక్కడి సిస్టరు గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ చాచి, "తులోయ్ పో కాయో" అంది. నేను పెట్టె పట్టుకుని బయటే నిలబడ్డాను. ఆవిడ మళ్ళీ అంది. నేను మళ్ళీ కదల్లేదు. లోపలికి దయచేయమంటోందని నాకు అర్థమయ్యేలోపు వాన మొదలై సగం తడిశాను.

వాళ్ళ "పో" అంటే మన "అండి" అని మర్నాడు సిస్టరు ఇంగ్లీషులో చెప్పింది. పెద్దవాళ్ళతోనూ కొత్తవాళ్ళతోనూ మాట్లాడేటప్పుడు మాటకొకసారి తగిలిస్తారు. మా కృష్ణా జిల్లా వాళ్ళం అండి లేకుండా నోరు విప్పలేం, వాళ్ళకి పో లేకుండా గడవదు. ఈ కిటుకు దొరికాక ఆ భాష నాకు సులువైపోయింది. ముందు తెలుగులో వాక్యం అనుకోవడం, అండి ఉన్నచోట పో పెట్టడం, మిగతా మాటలు ఒక్కొక్కటే మార్చుకోవడం. నేను మాట్లాడుతుంటే సిస్టరు కడుపు పట్టుకుని నవ్వేది. నవ్వితే నవ్వింది, పని జరుగుతోంది కదా అని నేనూ ఊరుకునేదాన్ని.

ఇది ఎనభైల మొదట్లో మాట. నేను పేటలో పుట్టి పెరిగి, నందిగామ ఆసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని. రోజూ పేట నుంచి నందిగామకి బస్సు, సాయంత్రం మళ్ళీ నందిగామ నుంచి పేటకి బస్సు. నర్సుల్నీ మెకానిక్కుల్నీ టీచర్లనీ పై దేశాల పల్లెలకి రెండేళ్ళు స్వచ్ఛందంగా పంపించే సంస్థ ఒకటుందని తెలిసి, ఇంట్లో అందరూ వద్దంటున్నా పేరిచ్చాను. వద్దన్న కొద్దీ నాకు పట్టుదల పెరుగుతుంది, అదొక జబ్బు.

నాతో అదే విడతలో వచ్చిన తెలుగు మనిషి ఇంకొక్కరే. నందిగామ సాయిబుగారు, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, బోరింగులు బిగించడంలోనూ బాగుచేయడంలోనూ చెయ్యి తిరిగిన మనిషి. చేతిపంపుని మా వైపు బోరింగనే అంటాం. అన్నేళ్ళు ఒకే రోడ్డు మీద తిరిగాం గానీ ఒకరినొకరం ఎప్పుడూ చూసుకోలేదు. విమానంలో నేను పప్పు లేని భోజనం చూసి "ఖర్మ" అని గొణుక్కుంటే, వెనక సీట్లోంచి "ఏ ఊరమ్మా మనది?" అని వినిపించింది. అప్పట్నుంచి ఆయన నాకు అన్నయ్య, నేను ఆయనకి చెల్లెమ్మ. ఆ దేశంలో కృతజ్ఞత చెప్పడానికి "సలామత్" అంటారు. అది వినగానే ఆయన పొంగిపోయి, "మనోళ్ళే చెల్లెమ్మా, సలామత్ అంటున్నారు" అన్నాడు. "సలామత్ పో అంటున్నారన్నయ్యా, పూర్తిగా వినండి" అన్నాను నేను. మా ఇద్దరికీ పొద్దు పోవడానికి పేట గొప్పదా నందిగామ గొప్పదా అనే తగువు ఒకటి చాలు.

మా శిక్షణ అయ్యాక ఒక ఆదివారం సిస్టరు మాకు టాల్ సరస్సులో లంకలు చూపిస్తానని పడవ మాట్లాడింది. క్లినిక్ ముందు నిలబడితే చాలు ఆ సరస్సు కనిపిస్తుంది, నీళ్ళ మధ్యలో కొండ కూడా కనిపిస్తుంది. అది అగ్నిపర్వతం. ఎప్పుడో వెనకటి యుగంలో పెద్ద కొండ పేలి కూలిపోయిందట. ఆ గుంటలో నీళ్ళు చేరి సరస్సయింది. సరస్సులోంచి మళ్ళీ ఇంకో కొండ లేచింది. దాని నెత్తిన ఇంకో గుంట, అందులో మళ్ళీ నీళ్ళు, ఆ నీళ్ళ మధ్య ఒక రాతి దిబ్బ. సిస్టరు ఇదంతా చేతులతో చూపిస్తూ చెబితే అన్నయ్య శ్రద్ధగా విని, "చుట్టూ ఇన్ని నీళ్ళు పెట్టుకుని మాచేత బోరింగులెందుకు వేయిస్తున్నారమ్మా?" అని అడిగాడు. నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పాను. కొండ మీది నీళ్ళు నోట్లో పోసుకుంటే గొంతు మండుతుందని సిస్టరు చెప్పింది.

నేను ఆ పడవ ఎక్కనన్నాను. నాకు తెలిసిన నీళ్ళు మున్నేరు నీళ్ళు. వేసవిలో పెనుగంచిప్రోలు దగ్గర చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని నడిచి దాటే నీళ్ళు. ఇక్కడేమో అవతలి గట్టే సరిగ్గా ఆనడం లేదు, పడవ చూస్తే సన్నగా పొట్లకాయలా ఉంది, అది బోల్తా పడకుండా రెండు పక్కలా వెదుళ్ళు చాచి కట్టారు.

"ఏం చెల్లెమ్మా, పేట వాళ్ళకి నీళ్ళంటే భయమా?" అన్నాడు అన్నయ్య.

"మీ నందిగామలో సముద్రం ఉందా ఏంటన్నయ్యా?"

"లేదనుకో. కానీ మేం భయపడుతున్నట్టు కనపడం."

ఆ మాటకి రోషమొచ్చి ఎక్కాను. కాళ్ళు గడగడా వణికాయి. పడవ నడిపేతను, నలభై ఏళ్ళ మనిషి, చెయ్యి అందిస్తే ఆ చెయ్యి వదలకుండా కూర్చునేదాకా పట్టుకున్నాను. దారి పొడుగునా ఒక చేత్తో వెదురు బొంగు, ఇంకో చేత్తో సిస్టరు భుజం.

అయితే చూసినదాన్ని చూడలేదనకూడదు. చిన్నచిన్న లంకలు, వాటి మీద నల్లరాయి, రాయి మీద పచ్చటి చెట్లు. మధ్యలో ఉన్న కొండ దగ్గర దిగి ఎక్కితే కాళ్ళకింద నేల వెచ్చగా తగిలింది. దీపావళి మర్నాటి వీధి వాసన వేసింది. అంచున నిలబడి లోపలికి చూస్తే, ఆకుపచ్చగా, ఎవరూ ముట్టని నీళ్ళు. అన్నయ్య నేల మీద అరచెయ్యి ఆనించి చూసి, "ఇక్కడ బోరు వేస్తే టీ నీళ్ళు పడతాయి" అన్నాడు.

తిరుగుదారిలో ఆ కొండ అడుగునే ఉన్న చిన్న పల్లె దగ్గర భోజనానికి ఆగాం. పడవతనికి తెలిసిన ఇల్లు. వెదురు తడికెల ఇల్లు, ముందు చేపలు ఎండేసి ఉన్నాయి. ఇంటావిడకి మా పెద్దమ్మ వయసుంటుంది. వేలెడంత చేపలు కరకరలాడేట్టు వేయించి, అన్నం, ఉప్పులో ఊరేసిన పచ్చి మామిడి ముక్కలు పెట్టింది. అన్నయ్య జేబులోంచి కారప్పొడి సీసా తీశాడు. ఆయన ఎక్కడికెళ్ళినా అది కూడా వెళుతుంది. ఇంటావిడ కాస్త వేలికి అద్దుకుని నాకి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వి, మళ్ళీ వేలు చాచింది. నాకు ఆవిడ అప్పుడే నచ్చేసింది.

ఆవిడ కూతురు మాత్రం దగ్గరికి రాలేదు. గుంజకి ఆనుకుని నిలబడి మావైపు చూస్తోంది. నిండు కడుపు, ఎనిమిదో నెల ఉంటుంది. నా కళ్ళు ముందు పాదాల మీదికే పోయాయి. బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. మొహం కూడా నీరు పట్టింది. లేచి వెళ్ళి కాలు మీద బొటనవేలితో నొక్కితే గుంట పడింది, ఆ గుంట అలాగే ఉండిపోయింది. సెలవు రోజు కదా అని బీపీ మిషను క్లినిక్‌లోనే వదిలేసి వచ్చాను. సిస్టరుని పిలిచి అడిగించాను, తలనొప్పి ఉందా అని. అప్పుడప్పుడు అంది ఆ పిల్ల, నేల చూస్తూ.

నేను నందిగామలో కొత్తగా చేరిన రోజుల్లో చందర్లపాడు వైపు నుంచి ఒకామెని ట్రాక్టరు మీద తెచ్చారు. అలాగే ఉబ్బిన మొహం, అలాగే ఉబ్బిన కాళ్ళు. తెచ్చేటప్పటికే ఫిట్స్ మొదలైపోయాయి. మా వైపు గుర్రపువాతం అంటారు దాన్ని. నా చేతుల్లోనే పోయింది. ముందు రోజు తెచ్చుంటే బతికేదని డాక్టరుగారు అన్నప్పుడు, ఆమె భర్త గోడకి తల ఆనించుకుని నిలబడిపోయాడు. గర్భిణీల పాదాలు చూడ్డం నాకు అప్పట్నుంచీ అలవాటు.

అందుకని సిస్టరుచేత ఒకటికి రెండుసార్లు గట్టిగా చెప్పించాను. రేపే క్లినిక్‌కి రావాలి, డాక్టరు చూడాలి, ఇది ఊరికే పోయే వాపు కాదు అని. తల్లి "ఓపో, ఓపో" అంటూ తలూపింది. ఓపో అంటే అలాగేనండి అని. కూతురు మాత్రం నీళ్ళవైపు చూసి మొహం తిప్పుకుంది.

బయల్దేరే వేళయింది. సిస్టరూ మిగతావాళ్ళూ ముందే వెళ్ళి పడవెక్కారు. ఇంటావిడ దగ్గర సెలవు తీసుకోవడానికి నేనొక్కదాన్నే వెనకబడ్డాను. ఇక్కడ నేను ఒక సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఎవరైనా గడప దాటుతూ "వెళ్తున్నా" అంటే మా అమ్మ ఊరుకునేది కాదు. "వెళ్ళొస్తా అనాలే, ఎన్నిసార్లు చెప్పాలి నీకు" అని వెనక్కి పిలిచి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మళ్ళీ మొదట్నుంచి బయల్దేరదీసేది. పక్కనున్న చిల్లకల్లు దాకా వెళ్ళే మనిషైనా, కాశీ వెళ్ళే మనిషైనా వెళ్ళొస్తాననే అనాలి. ఇక "పోతున్నా" అంటే చెంప పగిలేది. అసలు మనం వెళ్ళిపోయేటప్పుడు చెప్పే మాటే "వస్తానండి" కదా. కొట్టువాడితో, బస్సులో పక్కన కూర్చున్నావిడతో, మళ్ళీ జన్మలో చూడబోని మనిషితో కూడా వస్తానండి అనే చెప్పి వెళ్ళిపోతాం. ఎవరూ మన కోసం ఎదురుచూడరు.

వెళ్ళేటప్పుడు "ఆలిస్ నా పో అకో" అనాలని సిస్టరు నేర్పింది. అంటే వెళ్తున్నానండి, అంతే. కడుపుతో ఉన్న పిల్ల ఉన్న ఇంట్లో, అన్నం తిన్న చేత్తో, ఉత్త వెళ్తున్నానండి అని ఎలా వస్తాను? నోరు రాలేదు. "ఆలిస్ నా పో అకో" అని, ఇంకో మాట వెతుక్కుని, "బాబాలిక్ పో అకో" అని కలిపాను. వెళ్ళొస్తానండి. అండి ఉన్నచోట పో కూడా సరిగ్గా పడింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. చాలాసేపు నా మొహంలోకి చూసి, నెమ్మదిగా "ఓపో" అంది.

మర్నాడు వాళ్ళు క్లినిక్‌కి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వారం గడిచింది. "ఎంత చెప్పినా అంతే, వీళ్ళూ మనవాళ్ళ లాంటివాళ్ళే" అని నేను విసుక్కున్నాను. వెళ్ళి చూద్దామా అని సిస్టరుని అడిగితే, గాలుల కాలం మొదలైందని, వాళ్ళే వస్తారులే అని అంది. ఆ పాదాలు మాత్రం నా కళ్ళ ముందునుంచి కదల్లేదు.

తర్వాత ఒక ఉదయం ఆ పడవతను క్లినిక్ మెట్ల దగ్గర కనిపించాడు. సిస్టరుతో గబగబా ఏదో చెప్పి నావైపు చూపించాడు. సిస్టరు నవ్వుతూ నా దగ్గరికొచ్చింది. "ఆ లంకలో అమ్మ అడుగుతోందట, వస్తానన్న ఇండియా నర్సు ఎప్పుడొస్తుందని" అంది.

"నేనా? నేనెప్పుడు వస్తానన్నా? వాళ్ళని కదా రమ్మన్నది" అన్నాను.

"ఏమన్నావో సరిగ్గా చెప్పు."

చెప్పాను. సిస్టరు పకపకా నవ్వి, సగంలో నవ్వు ఆపేసింది. బాబాలిక్ అంటే మా దేశంలో మర్యాద మాట కాదు, తిరిగి వస్తానని మాటివ్వడం అంది. మా దేశంలో అది వెళ్ళిపోవడం అన్నాను నేను. వస్తానని చెప్పి వెళ్ళిపోతారా అని ఆవిడ ఆశ్చర్యంగా అడిగింది.

పడవతను మాత్రం నవ్వలేదు. మిగతా సంగతి చెప్పాడు. ఆ పిల్లకి ఇది రెండో కాన్పట. మొదటిసారి నొప్పులొచ్చాక ఇతని పడవలోనే ఇవతలికి తెస్తుంటే గాలికి ఆలస్యమై, నీళ్ళ మీదే ప్రసవమైంది. బిడ్డ దక్కలేదు. భర్త మనీలాలో కూలిపనిలో ఉన్నాడు. ఆ రోజునుంచి ఈ పిల్ల మళ్ళీ పడవ ముట్టలేదు. నర్సు పక్కన కూర్చుంటే ఎక్కుతాను, లేకపోతే ఇక్కడే కంటాను, చస్తే ఇక్కడే చస్తాను అంటోంది. నర్సు వస్తానంది కదా అని తల్లి చెబుతూ వచ్చింది. నిన్నటినుంచి తలనొప్పి తగ్గడం లేదు, కళ్ళు మసక కమ్ముతున్నాయంటోంది.

కళ్ళు మసక అనగానే డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. డాక్టరు లోపల ఒక కష్టమైన కాన్పులో ఉన్నాడు, సిస్టరు ఆయన పక్కన ఉండక తప్పదు. గుమ్మంలో నిలబడి చెబితే ఆయన వెనక్కి తిరక్కుండానే, ఫిట్స్ రాకుండా ఇచ్చే ఇంజెక్షను తీసుకెళ్ళు, బీపీ ఎక్కువుంటే అక్కడే ఇచ్చెయ్యి, ఎలాగైనా ఇక్కడికి తీసుకురా అన్నాడు. ఎలాగైనా అనడం ఎంత తేలికో.

అన్నయ్య క్లినిక్ వెనకాల బోరింగు విప్పుకుని కూర్చున్నాడు. సంగతి చెప్పాను. చేతులు ప్యాంటుకి తుడుచుకుని లేచాడు.

"నేనూ వస్తా పద. ఈత రాదనుకో, తోడుంటా."

"మునిగితే ఏం చేస్తారు మీరు?"

"ఒక్కదానివే మునగలేదని మీ వాళ్ళకి చెప్పుకోడానికి ఉంటుందిగా" అన్నాడు. తిట్టాను, తిట్టి పడవెక్కాను.

ఆ రోజు సరస్సు ఆదివారంనాటి సరస్సు కాదు. నీళ్ళు నల్లగా లేస్తున్నాయి. వెదుళ్ళు ఒక పక్క మునిగితే ఇంకో పక్క గాల్లోకి లేస్తోంది. మధ్యాహ్నం దాటితే ఇంకా పెరుగుతుంది, త్వరగా తిరిగిరావాలి అని పడవతను చేతులతో చెప్పాడు. నేను కళ్ళు మూసుకుని, దేశంలో ఉన్న దేవుళ్ళందరినీ తలుచుకుంటూ, మధ్యలో మా భాషని కూడా తిట్టుకున్నాను. వెళ్ళిపోయే మనిషి వెళ్ళిపోతున్నానని చెప్పడానికేం?

ఆ పిల్ల చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బీపీ చూశాను. మిషనులో పాదరసం పైపైకి పోయింది. అక్కడే ఇంజెక్షను ఇచ్చాను. ఇప్పుడే బయల్దేరాలి అని నాకొచ్చిన ముక్కల్లో చెప్పాను. తల్లి లేపి కూర్చోబెట్టింది, ఇద్దరం చెరోపక్క పట్టుకుని ఒడ్డుదాకా నడిపించాం. నీళ్ళు కాలికి తగలగానే ఆ పిల్ల ఆగిపోయింది. పడవ ముక్కు పట్టుకుని, ఇక ఒక్క అడుగు వేయనని ఏడుపు మొదలుపెట్టింది. తల్లి బతిమాలింది. పడవతను బతిమాలాడు. గాలి పెరుగుతోంది.

నాకు ఓపిక పోయింది. వాళ్ళ భాష ఒక్క ముక్క గుర్తు రాలేదు. "ఏమ్మాయ్, నాకు మాత్రం సరదాగా ఉందనుకున్నావా? ఆ నీళ్ళు చూస్తే నాకు ప్రాణాలు పోతున్నాయి. అయినా వచ్చానా లేదా? ఎక్కు" అని అచ్చ తెలుగులో అరిచాను. అరిచి, నేనే ముందు ఎక్కబోయాను. కాలు జారింది. అన్నయ్యా పడవతనూ చెరో రెక్కా పట్టుకుని లోపలికి లాగితే, పడవ మధ్యలో చతికిలబడి, రెండు చేతులతో వెదురు బొంగుని కరుచుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

ఏడుపు ఆగింది. కళ్ళు తెరిచి చూస్తే ఆ పిల్ల నన్నే చూస్తోంది. దానికంటే నేనే ఎక్కువ భయపడుతున్నానని దానికి అర్థమైపోయింది. ఏమనుకుందో ఏమో, పొట్ట పట్టుకుని నెమ్మదిగా పడవెక్కి, నా పక్కన కూర్చుని, బొంగు మీదున్న నా చెయ్యి విడదీసి తన చేతిలోకి తీసుకుంది. నర్సుని నేను. ధైర్యం చెప్పింది మాత్రం అది.

సగం దారిలో వాన అందుకుంది. పిల్ల తల నా ఒళ్ళో ఉంది. నేను నిమిషానికొకసారి దాని కనురెప్పలు చూస్తున్నాను, వేళ్ళు వణుకుతున్నాయా అని చూస్తున్నాను. ఫిట్స్ ఒక్కటి మొదలైతే ఈ నీళ్ళ మీద నేను చేయగలిగిందేమీ లేదు. తల్లి డబ్బాతో పడవలోని నీళ్ళు తోడి పోస్తోంది, పెదవులు మాత్రం ప్రార్థనలో కదులుతున్నాయి. నా మొహం చూశాడో ఏమో, అన్నయ్య ఉన్నట్టుండి లేచి వంగి నిలబడి, నందిగామ బస్టాండులో కండక్టరు గొంతుతో, "పేట, పేట, పేట! రైట్ రైట్" అని అందుకున్నాడు.

"కూర్చోండన్నయ్యా, పడతారు."

"అంబారుపేట, అంబారుపేట. దిగేవాళ్ళెవరమ్మా? ముందుకి జరగాలి, ముందుకి జరగాలి. ఆ గంప ఎవరిది, తీయాలి."

ఒక పెద్ద అల కొట్టింది. ఆయన కూలబడ్డాడు. కూలబడి కూడా, "చిల్లకల్లు వస్తోంది, చిల్లర తీసి ఉంచుకోవాలి" అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఏమంటున్నాడని ఆ పిల్ల కళ్ళతో అడిగింది. దానికి ఏమని చెప్పను? మా ఊరొచ్చేస్తోందంటున్నాడని చెప్పడానికి కూడా నాకు మాటలు లేవు. దాని చెయ్యి నొక్కాను. చిల్లకల్లు దగ్గర ఆయన బస్సుని ఎంతసేపు ఆపాడో, అవతలి గట్టు మీద వాన మసకలో క్లినిక్ దీపం కనిపించేదాకా దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ తెమలలేదు.

ఆ పిల్లకి ఫిట్స్ రాలేదు. డాక్టరు చూసి, ఇక ఆగడానికి లేదని నొప్పులు రావడానికి మందు పెట్టాడు. మర్నాడు పొద్దున కాన్పయింది. ఆడపిల్ల. నెల తక్కువ బిడ్డ, గుప్పెడంత ఉంది, ఏడుపు కూడా పిల్లికూనలా సన్నగా వచ్చింది. అయినా ఏడ్చింది. ఆ ఏడుపు విని గోడవైపు తిరిగి నేను కూడా ఏడ్చాను. తల్లికి బీపీ దిగడం మొదలుపెట్టింది. అన్నయ్య వరండాలోంచి తొంగిచూసి, "పేట వచ్చేసిందా చెల్లెమ్మా?" అన్నాడు. వచ్చేసిందన్నయ్యా అన్నాను.

ఇద్దరికీ గండం గడిచిందని డాక్టరు చెప్పాక, ఎండ కాసిన ఒక మధ్యాహ్నం, అమ్మమ్మ వరండాలో కూర్చుని మనవరాలిని గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. నాకు మనసులో ఒకటి గుచ్చుకుంటోంది. ఈవిడ నన్ను నమ్మి వారం పైగా కూతుర్ని కూర్చోబెట్టింది, ఇంకొక్క రోజు ఆలస్యమైతే ఏమయ్యేది? సిస్టరుని పక్కన కూర్చోబెట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. ఆ రోజు నేనన్నది మా వైపు సెలవు తీసుకునే మాట, తిరిగొద్దామనే ఉద్దేశం నాకు లేదు, మీరు అపార్థం చేసుకున్నారు అని.

సిస్టరు చెబుతుంటే ఆవిడ బిడ్డ మొహం మీద ఈగని తోలుతూ వింది. అంతా అయ్యాక, "తెలుసు" అంది.

నేను సిస్టరు మొహం చూశాను. సిస్టరు ఆవిడ మొహం చూసింది.

"ఆదివారం ఆదివారం పడవల్లో వస్తారు. అన్నం తింటారు. ఫోటోలు పంపిస్తామంటారు, మందులు పంపిస్తామంటారు, మళ్ళీ వస్తామంటారు. ఎవరూ రారు. నువ్వు కూడా రావని నాకు ఆ రోజే తెలుసు. పడవెక్కేటప్పుడు నీ కాళ్ళు చూశా" అంది ఆవిడ. సిస్టరు ఒక్కొక్క వాక్యం నాకు మెల్లగా ఇంగ్లీషులో చెబుతోంది.

"మరి నర్సు వస్తుందని మీ అమ్మాయికి ఎందుకు చెప్పారు?"

"దానికి అలా చెబితే భయం తగ్గింది. నాకు మాత్రం నీ మాట ఒకటి చేతికి దొరికింది. తలనొప్పి ఎక్కువవగానే, క్లినిక్‌కి వెళ్ళి, వస్తానన్నావు కదా అని గట్టిగా అడగమని పడవవాడికి చెప్పి పంపించా. ఊరికే రమ్మంటే రావేమో. నోటితో అన్న మాట అడిగితే సిగ్గుపడైనా వస్తావేమో అనుకున్నా."

నాకు కోపం రావలసిన చోటు అది. నా సంగతి నాకు తెలుసు, అంతకంటే చిన్న వాటికే నేను ఇల్లు పీకి పందిరేస్తాను. కానీ ఆవిడ గొంతులో దబాయింపు లేదు, గెలిచానన్న గొప్పా లేదు. ఆవిడ బిడ్డ చుట్టూ గుడ్డ సర్ది, ఇంకో మాట అంది. సిస్టరు దాన్ని వెంటనే చెప్పలేదు. ఏమందని నేను మోచేత్తో పొడిస్తే అప్పుడు చెప్పింది.

"పోయినసారి బిడ్డ పోయినప్పుడు, ఇలా వెళ్ళి అడుగుదామంటే నాకు ఎవరూ ఏ మాటా ఇచ్చి లేరు."

నేను ఆవిడ పక్కకి జరిగి చేతులు చాచాను. ఆవిడ మనవరాలిని నా చేతుల్లో పెట్టి, అన్నం తినడానికి లోపలికి వెళ్ళింది.